పసుప్పచ్చ మాత్ర వెనక ఒక భీమవరం మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మా ఖాలా కూతురు అత్తారిల్లు తుమ్మలపల్లె. పులివెందులకు దగ్గర, వేముల మండలం. యురేనియం గని పేరుతో అందరికీ తెలిసిన ఊరే. మొన్న ఆపా నెల తప్పిందని తెలిసి అమ్మీని తీసుకుని వెళ్ళాను. ఇంట్లో సంతోషం సంతోషమే గానీ, అల్మారా పైన ఒక కవరు దుమ్ము పట్టి ఉంది. ఏందని తీసి చూస్తే మాత్రలు. ఆశా వర్కర్ నికాహ్ అయిన కొత్తలోనే ఇచ్చిపోయిందంట. ఒక్కటి కూడా మింగలేదు. వేడి చేస్తుందని, బిడ్డ నల్లగా పుడుతుందని ఎవరో చెప్పినారని ఖాలా పైన పెట్టేసింది.

అదే ఇంట్లో బోరు నీళ్ళ గురించి మాత్రం గంట సేపు మాట్లాడినారు. గని వ్యర్థాల చెరువు దగ్గరి పల్లెల్లో బోర్ల నీళ్ళు పాడైనాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్ళుగా గొడవ ఉంది కదా. కడుపులో బిడ్డకు ఏమవుతుందోనని వాళ్ళ భయం. నీళ్ళ గురించి అంత భయపడే ఇంట్లో ఆ చిన్న మాత్రను ఎవరూ పట్టించుకోలేదు. ఆ మాత్ర ఎక్కడి నుంచి వచ్చిందో చదువుతూ పోతే, అది మన తెలుగు మనిషి నడిపించిన పరిశోధన అని తేలింది. ఆయన జీవితం చదివి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నేను బీకాం వాణ్ణి, సైన్సు పదో తరగతితోనే సరి. అయినా నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టినారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం చెడి ముందే ఇంటికి చేరినారు. ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి వెంకమ్మ గట్టి మనిషి. పిల్లవాడు పదమూడేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరినాడు. అక్కడ యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. నిడదవోలు దాకా పోయేసరికి పట్టుకుని వెనక్కి తెచ్చినారు. తల్లి మళ్ళీ బడికే పంపింది. నగలు అమ్మి మరీ చదివించింది.

చదువులో మొదటి నుంచీ మెరిసిన మనిషి కాదు. మెట్రిక్యులేషన్ మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కినాడు. పరీక్ష తప్పితే బతుకే పోయినట్టు ఏడిపించే ఇళ్ళల్లో ఈ మాట ఒకసారి గట్టిగా చదవండి. ఆ తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో చేరినాడు. సన్యాసం తీసుకుని రామకృష్ణ మిషన్‌లో చేరాలని ఉండేది, తల్లి ఒప్పుకోలేదు. ఆ సేవా ఆలోచనతోనే మద్రాసు మెడికల్ కాలేజీకి వెళ్ళినాడు. ఫీజులకు స్నేహితులు, తరువాత కస్తూరి సూర్యనారాయణ మూర్తి అనే పెద్దమనిషి సాయం చేసినారు. 1919లో ఆ పెద్దమనిషి కూతురు శేషగిరితోనే పెళ్ళయింది.

గాంధీ పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లో ఖద్దరు వేసుకోవడం మొదలుపెట్టినాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. చివరకు చేతికి వచ్చింది పూర్తి ఎంబీబీఎస్ కాదు, దానికంటే కింది ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్. దాంతో మద్రాసు మెడికల్ సర్వీసులో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పే ఉద్యోగం చేసుకున్నాడు.

ఈ మధ్యలోనే ఆయన బతుకును తిప్పేసిన సంగతి జరిగింది. స్ప్రూ అనే జబ్బు. మన ఆయుర్వేదంలో సంగ్రహణి అంటారు. పేగులు తిన్నది పట్టుకోవు. ఎంత తిన్నా విరేచనమై పోతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. వేడి దేశాల్లో, శుభ్రమైన నీళ్ళు లేని చోట్ల ఎక్కువ. ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములను ఆ ఇల్లు ఆ జబ్బుకే పోగొట్టుకుంది. సుబ్బారావుకు కూడా అదే పట్టుకుంటే లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడినాడు. ఒకే ఇంట్లో ఎనిమిది రోజుల్లో రెండు చావులు. ఆ ఇంటి పరిస్థితి ఊహించుకోవడానికే నాకు ధైర్యం చాలలేదు.

పేగులు పట్టుకోలేక పోగొట్టే పోషకాల్లో ముఖ్యమైంది ఒకటుంది. ఆ రోజుల్లో దానికి పేరు లేదు, అలాంటిది ఉందనే ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసిన బృందానికి పెద్ద ఈ సుబ్బారావే.

1920ల మొదట్లో కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు కలిసి ఇచ్చిన డబ్బుతో ఆయన ఓడ ఎక్కి అమెరికా బోస్టన్ చేరినారు. భార్య ఇక్కడే ఉంది. ఆయన పోయిన తరువాత కొడుకు పుట్టినాడు, పసితనంలోనే పోయినాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. ఆయన మళ్ళీ ఇండియాకు రానే లేదు, భార్యను మళ్ళీ చూడలేదు. ఆయన గొప్పతనం రాసేవాళ్ళు ఈ మాటను ఒక లైనులో దాటేస్తారు. గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళ కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసే ఆడవాళ్ళు మన కడపలో, రాయచోటిలో ఎంతమంది లేరు! నాకైతే శేషగిరమ్మ గారి జీవితం గురించి ఎవరైనా విడిగా ఒక పుస్తకం రాయాలనిపించింది.

అక్కడ హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేసినారు. మన డిగ్రీకి అక్కడ విలువ లేదు గనక పొట్ట గడవడానికి బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్ పని. రోగుల బెడ్‌పాన్లు కడిగే పని. పగలు సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ లాబ్‌లో బయోకెమిస్ట్రీ. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టినారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని బయోకెమిస్ట్రీ పిల్లలు ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టినారు. మన ఒంట్లో ప్రతి కణానికి రోజు ఖర్చుకు పనికొచ్చే చిల్లర లాంటిది ఈ ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టినాడు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు దొరకలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయినారు, పరిశోధన విభాగానికి పెద్ద అయినారు.

ఇక్కడ సుబ్బారావును కాసేపు ఆపి, ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ గురించి చెప్పాలి. ఈ కథలో మన ఆడవాళ్ళు వచ్చేది ఇక్కడే.

లూసీ విల్స్ 1928లో బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం తగ్గి ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. మామూలుగా రక్తహీనత అంటే ఎర్రకణాలు చిన్నవవుతాయి, ఇనుము ఇస్తే సరిపోతుంది. వీళ్ళ రక్తంలో కణాలు మామూలు కంటే పెద్దగా ఉబ్బి ఉన్నాయి. ఆమె ఇళ్ళ చుట్టూ తిరిగి ఎవరు ఏం తింటున్నారో రాసుకుంది. పేద ముస్లిం ఆడవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. వాళ్ళ తిండిలో ఆకుకూరలు, పండ్లు చాలా తక్కువ. తరువాత ఆమె కూనూరులో, మద్రాసులోని గోషా ఆసుపత్రిలో కూడా పనిచేసింది. గోషా ఆసుపత్రి అంటే పరదా పాటించే ఆడవాళ్ళ కోసం కట్టిందే, పేరులోనే ఉంది.

ఆమెకు మందు దొరికింది ఎక్కడంటే, బ్రెడ్డు మీద పూసుకునే ఈస్ట్ సారం మార్మైట్‌లో. చౌక సరుకు. అది తినిపిస్తే ఆ ఆడవాళ్ళ రక్తం మామూలైంది. 1931లో ఆ సంగతి వైద్య పత్రికలో అచ్చయింది. అందులో ఏముందో తెలియక విల్స్ ఫ్యాక్టర్ అని పిలిచినారు. పదేళ్ళకు, 1941లో, అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నలిపి ఆ పదార్థాన్ని విడదీసినారు. ఆకును లాటిన్‌లో ఫోలియం అంటారు గనక ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టినారు.

ఎవరి పేర్లూ ఎక్కడా నమోదు కాని ఆ బొంబాయి ఆడవాళ్ళు రక్తం ఇచ్చి, తమ తిండి లెక్క చెప్పి సైన్సుకు తొవ్వ చూపినారు. మన ఇళ్ళల్లో ఈ మాత్రను పరాయి సరుకులాగ చూస్తుంటే నాకు వాళ్ళే గుర్తొస్తారు.

పాలకూర నుంచి, కాలేయం నుంచి చిటికెడు చిటికెడు తీస్తే జనానికి సరిపోదు. కృత్రిమంగా తయారు చేయాలి. ఆ పని 1945లో సుబ్బారావు నడిపే లెడర్లీ బృందం పూర్తి చేసింది. వెంటనే టామ్ స్పైస్ లాంటి డాక్టర్లు దాన్ని రోగులకు ఇచ్చి చూసినారు. పెద్ద కణాల రక్తహీనత తగ్గింది. స్ప్రూ రోగులు కోలుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు పోయిన ఇంటి మనిషి చేతి మీదుగా ఆ జబ్బుకు మందు వచ్చింది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు.

అయితే ఆయన వెతుకుతున్నది నిజానికి వేరేది. పెర్నీషియస్ ఎనీమియా అనే జబ్బుకు కాలేయంలో ఉన్న మందు ఆయన గురి. ఫోలిక్ యాసిడ్ ఆ రోగుల రక్తాన్ని సరిచేసింది గానీ నరాల దెబ్బను ఆపలేదు. ఆ రెండో పదార్థం బి12 అని 1948లో వేరేవాళ్ళు తేల్చినారు. ఈ తేడా ఆపా లాంటివాళ్ళకు ఇప్పటికీ పనికొస్తుంది, ముందు చెబుతాను.

ఆయన కథలో నన్ను అన్నిటికంటే పట్టేసింది తరువాతి భాగం. ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. అయితే అదుపు తప్పి పెరిగే కణాలకు దాన్ని అందకుండా చేస్తే? బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్‌కు ఈ ఆలోచన వచ్చింది. బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ రకం పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా తొందర పడినట్టు ఆయన గమనించినాడు. సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపిస్తూ దాని చోటు ఆక్రమించే నకిలీ పదార్థాలు చేసి పంపింది. వాటిలో అమినాప్టెరిన్ పనిచేసింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ జబ్బు అంతవరకు ఏ మందుకూ లొంగలేదు. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. దాని తమ్ముడు లాంటిదే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు వాడుతున్నారు.

ఇవి కాక బోదకాలుకు హెట్రజాన్ మాత్ర 1947లో అదే లాబ్ నుంచి వచ్చింది. గోదావరి, కోస్తా జిల్లాల్లో ప్రభుత్వం ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర అదే. టెట్రాసైక్లిన్ జాతిలో మొట్టమొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన ఉన్నప్పుడే బెంజమిన్ డగ్గర్ అక్కడ బయటకు తీసినాడు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు పోయినారు. వయసు 53. ఫార్బర్ పేపరు వచ్చి అప్పటికి రెండు నెలలు.

ఫోలిక్ యాసిడ్ అసలు లోతు ఆయన చూడకుండానే పోయినారు. కడుపులో బిడ్డకు మొదటి నాలుగు వారాల్లో ఒక పని జరుగుతుంది. మెదడు, వెన్నుపాము అయ్యే నాళం ఒక రేకు ముడుచుకున్నట్టు మూసుకుంటుంది. దాదాపు 28వ రోజుకు ఆ పని అయిపోవాలి. అప్పటికి తల్లికి నెల తప్పి రెండు వారాలు కూడా దాటవు. చాలామందికి ఇంకా అనుమానమే ఉంటుంది, టెస్టు చేసుకుని ఉండరు. నాళం సరిగా మూయకపోతే బిడ్డ వెన్ను తెరుచుకుని పుడుతుంది, లేదా తల పూర్తిగా ఏర్పడదు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. ముందొకసారి అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు, మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ లోపం 72 శాతం తగ్గింది. అమెరికా 1998 నుంచి గోధుమపిండిలో కలపడం తప్పనిసరి చేసింది. మన దేశంలో మొదటి మూడు నెలలు రోజుకు 400 మైక్రోగ్రాములు, వీలైతే గర్భానికి ముందు నుంచే తీసుకోమంటారు. ఆశా వర్కర్ నికాహ్ అయిన కొత్తలోనే ఇచ్చిపోయింది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. మూడో నెలలో మొదలుపెడితే వెన్నుపాముకు ఆలస్యమైపోతుంది.

ఇంకా లోపలికి పోతే ఎపిజెనెటిక్స్ అనే సంగతి వస్తుంది. నా భాషలో చెబుతాను. మన జన్యువులు ఒక పెద్ద లెడ్జర్ అనుకోండి. ఒంట్లో ప్రతి కణంలోనూ అదే లెడ్జర్. మరి కంటి కణం కన్నుగా, గుండె కణం గుండెగా ఎలా అవుతుంది? ఏ పేజీ తెరవాలి, ఏది మూసి పెట్టాలి అని పెన్సిల్ గుర్తులుంటాయి. వాటిలో ముఖ్యమైన గుర్తు మిథైల్ అనే చిన్న రసాయనం. లెడ్జర్‌లో అక్షరం మారదు, గుర్తు మాత్రమే మారుతుంది. ఎపిజెనెటిక్స్ అనే మాటను కాన్రాడ్ వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త 1942లో పెట్టినాడు. సుబ్బారావు ఫోలిక్ యాసిడ్ మీద ఉన్న కాలమే, ఇద్దరికీ సంబంధం లేదు.

పిండం మొదలైన తొలి రోజుల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన పాత గుర్తులు చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. గర్భసంచిలో అతుక్కునే వేళకు కొత్తగా పడడం మొదలవుతుంది. ఈ తుడిచి రాసే పని జరిగేటప్పుడు మిథైల్ సరుకు కావాలి. ఆ సరుకును మోసుకొచ్చే బండి ఫోలేట్. బండి నుంచి దించే కూలీ బి12. అందుకే ఒకటి ఉండి ఒకటి లేకపోయినా లెక్క తప్పుతుంది. పుణేలో గర్భిణులను, వాళ్ళ పిల్లలను ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనంలో, ఫోలేట్ బాగా ఉండి బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ళకే ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. మాంసం, గుడ్డు, పాలు ముట్టని ఇళ్ళల్లో బి12 కరువు ఎక్కువ. మన ఇళ్ళల్లో మాంసం ఉంటుంది గదా అని ధీమా వద్దు. వారానికొకసారి వండి, మగవాళ్ళకు ముందు పెట్టి, కోడలికి చారు మిగిల్చే ఇళ్ళు నాకు తెలుసు.

తల్లి తిండి గుర్తులను మార్చగలదని మొదట ఎలుకల్లో స్పష్టంగా చూపించినారు. 2003లో అమెరికాలో వాటర్‌లాండ్, జిర్టిల్ అనే ఇద్దరు, పసుపు రంగులో లావుగా పుట్టే జాతి ఎలుకల తల్లులకు ఫోలిక్ యాసిడ్, బి12, కోలిన్ లాంటివి పెట్టినారు. గోధుమ రంగు పిల్లలు ఎక్కువ పుట్టినాయి. జన్యువు అదే, గుర్తు మారింది. మనుషుల్లో చూస్తే, 1944-45 చలికాలంలో నాజీలు తిండి ఆపేసినప్పుడు హాలండ్‌లో పెద్ద కరువు వచ్చింది. ఆ కరువులో కడుపున పడినవాళ్ళను అరవై ఏళ్ళ తరువాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద గుర్తులు వాళ్ళ తోబుట్టువుల కంటే తక్కువ ఉన్నాయి. తేడా చిన్నదే, కానీ అరవై ఏళ్ళు నిలిచింది. ఇది చదివినప్పుడు మన కడప, కర్నూలు జిల్లాలను ఊడ్చేసిన 1876-78 ధాత కరువు గుర్తొచ్చింది. అప్పటివాళ్ళను పరీక్షించేందుకు ఎవరూ లేరు.

మంచి ఉదాహరణ కూడా మన పక్కనే ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పని చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనంగా తిండి అందింది, కొన్నింటిలో ఇంకా ఆ పథకం రాలేదు. పిల్లలు పెద్దయి పదమూడేళ్ళు దాటినాక చూస్తే, తిండి అందిన పల్లెల పిల్లలు కాస్త పొడుగున్నారు, వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఇది గుర్తుల వల్లనే అని నేను అనను. కానీ అంగన్‌వాడీ గుడ్డును, పాలను ఇంట్లో అందరూ పంచుకు తినడం ఎంత తప్పో దీన్ని బట్టి లెక్క వేసుకోవచ్చు.

ఇవన్నీ చదివి తల్లి మీద నింద వేసేవాళ్ళూ ఉంటారు. బిడ్డకు ఏదైనా అయితే ఏం తిన్నావు, ఎక్కడ తిరిగినావు అని కోడల్ని నిలదీసే అలవాటు మనకు ముందే ఉంది. లూసీ విల్స్ చూసిన ఆడవాళ్ళు ఆకుకూరలు తినకపోవడం వాళ్ళ తప్పా? కొనలేకపోయినారు. సుబ్బారావు అన్నదమ్ములు చనిపోయింది వాళ్ళ తప్పా? నీళ్ళు, తిండి, గాలి ఇవి ఒక్క మనిషి చేతిలో ఉండవు.

తుమ్మలపల్లె నీళ్ళ మాటకు వస్తే, తాగే నీటిలో యురేనియం ఎక్కువైతే మొదట దెబ్బ తినేది మూత్రపిండాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని చెప్పింది. కాచితే అది పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మన రాయలసీమ బోర్లలో ఫ్లోరైడ్ సంగతీ అంతే. నీళ్ళను పరీక్ష చేయించమని అడిగే హక్కు ఊరికి ఉంది, అడుగుతూనే ఉండాలి. ఆ పోరాటం నడుస్తున్నప్పుడు చేతిలో ఉన్న మాత్రను అల్మారా మీద పెట్టడం ఎందుకు?

వంటింటి మాట కూడా ఒకటి. శెనక్కాయలు, శెనగలు, పెసలు, పాలకూర, తోటకూర, గోంగూర వీటిలో ఫోలేట్ బాగా ఉంటుంది. సీమలో దొరకనివి కావు. ఆకును గంటల తరబడి ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే మాత్రం సగం పైగా పోతుంది. కలేజీలో ఫోలేట్, బి12 రెండూ ఉన్నాయి. సుబ్బారావు ఏళ్ళ తరబడి వెతికింది కాలేయంలోనే కదా. అయితే దాంట్లో విటమిన్ ఏ మరీ ఎక్కువ గనక గర్భిణులు రోజూ తినకూడదని డాక్టర్లు అంటారు. ఎంత తిన్నా మాత్ర మానకూడదు.

ఇంకో జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వాడే ఆడవాళ్ళు మన ఇళ్ళల్లో ఉన్నారు, ముఖ్యంగా కీళ్ళవాతానికి. అది ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు. కణాలు శరవేగంగా పెరిగే పిండానికి అది విషం. 1950ల మొదట్లో అమినాప్టెరిన్‌తో గర్భం తీయించుకోబోయిన చోట, బతికిన బిడ్డలు తల, ముఖం ఎముకల లోపాలతో పుట్టినారు. ఆ మందు వాడుతూ బిడ్డ కావాలనుకునేవాళ్ళు, డాక్టరు చెప్పినన్ని నెలల ముందే ఆపాలి. సొంతంగా ఆపకూడదు, దాచిపెట్టకూడదు. ఒకే లాబ్ నుంచి, ఒకే మనిషి కింద వచ్చిన రెండు మందులు: ఒకటి బిడ్డకు ప్రాణం, ఇంకొకటి ప్రమాదం. రెంటినీ కలిపి చూస్తేనే ఫోలిక్ యాసిడ్ బలం ఏందో నాకు అర్థమైంది.

సుబ్బారావుకు నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన తపాలా శాఖ స్టాంపు వేసింది. ఒక బూజు జాతికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు. మా క్లాసు పుస్తకాల్లో ఆయన పేరు ఉన్నట్టు నాకైతే గుర్తులేదు.

ఆ సాయంత్రం తుమ్మలపల్లెలో ఇదంతా ఖాలాకు నాకు చేతనైనట్టు చెప్పినాను. సగం ఉర్దూలో, సగం తెలుగులో. ఆపాకు అప్పటికి ఏడో వారం. కొంత ఆలస్యమే, అయినా మిగతా నెలల రక్తానికి అది కావాలి, ముందు మళ్ళీ డాక్టరుకు చూపించాలి అన్నాను. ఖాలా ఏమీ అనకుండా స్టూలు వేసుకుని కవరు దించింది. తేదీ చూసింది, ఇంకా ఉంది. ఈ పసుప్పచ్చది చాయ్‌తో వేసుకోవచ్చా అని అడిగింది. ఇది నీళ్ళతో వేసుకుంటే మేలు, నాలుగో నెల నుంచి ఇచ్చే ఎర్ర ఇనుము మాత్రను మాత్రం చాయ్ తాగిన గంటలో వేసుకోకూడదు, ఒంటికి పట్టదు అని చెప్పినాను. ఆపా లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చుకుంది. బోరువి కాదు, క్యాన్‌వి.